కాగడాల లెక్క ఆటలో ఉంచుకోవాలా, వదిలేయాలా?

మీరు అడిగినవి రెండు విషయాలు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక పాత్రగా సాహసకథను ఆడే ఆట) నియమావళిలో రాసినట్టు కాగడా నిజంగా గంటసేపు మండుతుందా అన్నది మొదటిది. కాగడాలనూ లాంతరు నూనెనూ లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం మీ బృందానికి విసుగు పుట్టిస్తోంది కనుక ఆ లెక్క వదిలేయవచ్చా అన్నది రెండోది. కొన్నేళ్లుగా మిత్రుల బృందానికి కథ నడిపి తీర్పులిచ్చే డంజియన్ మాస్టర్‌గా ఆట నడిపిస్తున్న అనుభవంతో చెబుతున్నాను: లెక్క తగ్గించుకోండి, వెలుగును మాత్రం వదలకండి. సంచిలో ఎన్ని కాగడాలు మిగిలాయన్న దానికంటే, వెలుగు ఎవరి చేతిలో ఉంది, ఆ మనిషి వరుసలో ఎక్కడ నడుస్తున్నాడు, అది చేజారితే ఏమవుతుంది అన్నవే ఆటను మారుస్తాయి.

గంట అన్నది ఉదారమైన లెక్కే. వీధి భాగవతాల్లో, దేవుడి ఊరేగింపుల్లో దివిటీ పట్టే మనిషిని దగ్గర నుంచి చూసినవారికి ఇది తెలుస్తుంది. కడ్డీ కొసకు గుడ్డ పేలికలు బిగించి చుట్టి, నూనెలో తడిపి వెలిగించడంతో అతని పని అయిపోదు. రెండో చేతిలో నూనె పాత్ర ఉంటుంది. మంట కుంగినప్పుడల్లా కొంచెం కొంచెంగా పోస్తూనే ఉండాలి, లేకపోతే నూనె ఇంకిపోయి గుడ్డే కాలడం మొదలవుతుంది. పైగా అతడు మంటను ముఖానికి ఎదురుగా పట్టుకోడు. తలకంటే ఎత్తుగా, పక్కకు, కాస్త వెనక్కి వంచి పట్టుకుంటాడు, ఎందుకంటే కళ్లకు ఎదురుగా మంట ఉంటే దాని అవతల ఉన్నదేదీ కనిపించదు. పాత్ర ప్రవేశించే సమయంలో దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గున లేచేది. మా ఆటలో ఒకరు తన పాత్ర సంచిలో గుగ్గిలం పొడి ఉంచుకుంటానని అడిగినప్పుడు నేను వెంటనే ఒప్పుకున్నాను, చీకటికి అలవాటుపడిన శత్రువుల కళ్లు ఒక్క క్షణం చెదరగొట్టడానికి అంతకంటే సహజమైన ఉపాయం నాకు తోచలేదు.

ఇక అంకెలు చూద్దాం. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్‌లో కాగడా 20 అడుగుల వరకు పూర్తి వెలుగునూ, ఆపైన మరో 20 అడుగులు మసక వెలుగునూ ఇస్తుంది. మూత ఉన్న లాంతరు 30 అడుగులు, ఆపైన మరో 30 అడుగులు ఇస్తుంది. ఒక బుడ్డి నూనెతో 6 గంటలు వెలుగుతుంది. మూత దించితే వెలుగు 5 అడుగుల మసకకు తగ్గిపోతుంది. ఈ మూత సౌకర్యాన్ని చాలా బృందాలు ఒక్కసారి కూడా వాడుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. తలుపు అవతల అడుగుల చప్పుడు వినిపించినప్పుడు కాగడా ఉన్నవాడు దాన్ని ఆర్పేయాలి లేదా దొరికిపోవాలి, లాంతరు ఉన్నవాడు మూత దించి ఊపిరి బిగపట్టి నిలబడవచ్చు. లాంతరుకు పెట్టే 5 బంగారు నాణేలూ అలాంటి క్షణం కోసమే.

లాంతరుకూ లోపాలు ఉన్నాయి. దీపం కింద చీకటి అన్నది దాని విషయంలో అక్షరాలా నిజం; చేత్తో వేలాడదీసుకుని నడిచేటప్పుడు అడుగున ఉన్న నూనె తొట్టి నీడ సరిగ్గా పాదాల దగ్గరే పడుతుంది. అందుకే నేల మీది ఉచ్చును వెతికే పాత్ర లాంతరును తానే పట్టుకుని ఉంటే, దాన్ని కింద పెట్టావా, పక్కవాడికి ఇచ్చావా అని నేను అడుగుతాను. మధ్యయుగపు ఐరోపా లాంతర్లలో చాలావాటికి గాజుకు బదులు పలుచగా చీల్చిన పశువుల కొమ్ము రేకులు ఉండేవి కనుక, వాటి వెలుగు మనం చూసిన కిరసనాయిలు లాంతరుకంటే మసకగా ఉండేదనే అనుకోవాలి. సన్నటి సొరంగాల్లో పొగ కక్కే కాగడాలకంటే నూనె దీపమే సహజం. పూర్వం రోమన్ గనుల్లోనూ నూనె దీపాలే వాడారు.

అన్నింటికంటే ఎక్కువగా మరచిపోయే విషయం, వెలుగు మనకు చూపించే దూరంకంటే మనల్ని చూపించే దూరం ఎన్నో రెట్లు ఎక్కువ. గాలి తేటగా ఉన్న కటిక చీకటి రాత్రి, ఒక్క కొవ్వొత్తి మంటను రెండు కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కూడా కన్ను పట్టగలదు. పొడవైన తిన్నని సొరంగంలో 40 అడుగులు మాత్రమే చూడగలుగుతున్న మీ బృందాన్ని అవతలి కొసనున్న కాపలావాడు ఎప్పుడో చూసి ఉంటాడు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటుపడటానికి సుమారు అరగంట పడుతుంది. ఆ అలవాటు చెడటానికి మాత్రం ఒక్కసారి మంటవైపు చూస్తే చాలు.

నేను పాటించే పద్ధతి చాలా చిన్నది. "వెలుగు" అని రాసిన చీటీ ఒకటి, దీపం మోస్తున్న పాత్ర తాలూకు ఆటగాడి ముందు ఉంచుతాను. ఆ చీటీ ముందున్నంతసేపు ఆ పాత్రకు ఒక చేయి లేనట్టే: డాలు ఉండదు, విల్లు ఎక్కుపెట్టడం కుదరదు. ఆటలో గంట గడిచినప్పుడు చీటీ మీద ఒక గీత గీస్తాను, అంతకుమించి లెక్క లేదు. ఇదే తరహా మరో ఆట, 2023లో వచ్చిన షాడోడార్క్‌లో కాగడా ఒక నిజమైన గంట మండుతుంది, ఆటగాళ్ల పాత్రలకు చీకటిచూపు, అంటే దీపం లేకుండా చీకట్లో చూడగల శక్తి, అసలే ఉండదు. బల్ల మీద గడియారం పెట్టుకోవడానికి మీవాళ్లు ఇష్టపడితే అది ఇంకా తేలిక.

మీ బృందంలో అందరికీ చీకటిచూపు ఉంది కనుక దీపమే అక్కర్లేదని ఎవరైనా అంటే, నియమాన్ని మరొకసారి చదివించండి. అయిదో ఎడిషన్‌లో చీకటిచూపు కటిక చీకటిని మసక వెలుగుగానే మారుస్తుంది, ఆ మసకలో కంటితో గమనించే ప్రతి ప్రయత్నానికీ ప్రతికూలత (పాచిక రెండుసార్లు వేసి తక్కువ అంకెను తీసుకోవడం) ఉంటుంది, రంగులు తెలియవు. మాంత్రికుడి వెలుగు మంత్రం చేతులను ఖాళీగా ఉంచుతుంది, నిజమే. కానీ దూరాన ఉన్న కాపలావాడికి అది కూడా కాగడా అంత స్పష్టంగానే కనిపిస్తుంది, దాన్ని దాచాలంటే మందపాటి గుడ్డ ఏదైనా కప్పాల్సిందే.