దరఖాస్తులో 'ఎ డైమ్ ఎ డజన్' రాయకండి

మీ నైపుణ్యాలు కోకొల్లలని చెప్పడానికి ఉద్యోగ దరఖాస్తులో 'ఎ డైమ్ ఎ డజన్' అని రాయవచ్చా అని అడిగారు. దయచేసి రాయకండి, అర్థం తిరగబడుతుంది. డైమ్ అంటే అమెరికాలో 10 సెంట్ల నాణెం, అక్కడ చలామణిలో ఉన్నవాటిలో పరిమాణంలో అన్నిటికంటే చిన్నది. ఆ చిల్లరకు డజను వచ్చే సరుకంటే వీధికి పది దొరికేదని, విలువ లేనిదని అర్థం. మీ పనితనాన్ని మీరే చులకన చేసుకున్నట్టవుతుంది.

బోలెడన్ని అనే అర్థంలో వాడే 'టన్స్ ఆఫ్' స్నేహితులతో మాటల్లో బాగుంటుంది, దరఖాస్తులో తేలిపోతుంది. అదే అర్థమున్న 'ప్లెథోరా' కూడా వద్దంటాను. ఒంట్లో రక్తం ఎక్కువవడాన్ని చెప్పిన పాత వైద్యపదం అది. అవసరానికి మించిందనే ఛాయ ఇంకా పోలేదు.

మీకు కావలసింది 'ఎ వెల్త్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్'. వెల్త్ అంటే సంపద. మనం 'అనుభవ సంపద' అంటామే, అచ్చంగా అదే! ధైర్యంగా వాడండి.

ఇంకొకటి. మీ దరఖాస్తు రెండో వాక్యంలో 'ఎ నంబర్ ఆఫ్ ప్రాజెక్ట్స్' తరవాత 'వాజ్' పెట్టారు. అక్కడ 'వర్' రావాలి, ఎందుకంటే చెబుతున్నది చాలా ప్రాజెక్టుల గురించి. 'ద నంబర్ ఆఫ్' అని మొదలుపెడితేనే 'వాజ్', అప్పుడు మాట ఆ సంఖ్య గురించి కాబట్టి.