గుండు మల్లె కొమ్మ కోయకండి, వంచి పాతండి

"గుండు మల్లె కొమ్మలు కోసి కుండీలో గుచ్చుతున్నాను, చిగురు వేసి మరీ ఎండిపోతున్నాయి, ఏ నెలలో నాటాలి, ఏ హార్మోన్ వాడాలి" అని కదా అడిగారు. అసలు కొమ్మ కోయకండి అంటాను నేను. చెట్టుకి ఉన్న కొమ్మని ఉన్నట్టే కిందకి వంచి మట్టిలో పాతండి, వేర్లు వచ్చాక అప్పుడు కోయండి. నేల అంటు అంటారు దీన్ని. ఇంట్లో మల్లెకి ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు, ఈ మాట మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ముందు ఆ చిగురు సంగతి చెప్తా. పుల్లలో నిలవ ఉన్న బలంతోనే నాలుగు ఆకులు వేస్తుంది, కింద వేరు ఒక్కటి కూడా ఉండదు, మనమేమో బతికేసిందని సంబరపడి ఎండలోకి జరుపుతాం, ఆకులకి నీళ్ళు కావాలి, లాగి ఇచ్చే వేరు లేదు, రెండు మూడు రోజుల్లో వాడి నల్లబడిపోతుంది. చాలామంది కొమ్మలు పోయేది ఇక్కడే. పైగా వాడుతోంది కదా అని ఇంకా నీళ్ళు పోస్తారు, దాంతో కింద కుళ్ళిపోతుంది.

నాకు ఇది నేర్పింది మా అత్తగారు. గుంటూరులో వాళ్ళ పాత పెంకుటిల్లు అపార్ట్‌మెంట్ కట్టడానికి బిల్డర్‌కి ఇచ్చేశారు. వెనక బావి చప్టా పక్కన మల్లె పొద ఉండేది, అత్తయ్య కాపురానికి వచ్చిన కొత్తలో పెట్టింది, వేసవి సాయంత్రాలు వీధిలో సగం మంది ఆడపిల్లల జడల్లో ఆ పూలే. మావారేమో పొద మొత్తం తవ్వించి ఆటోలో తెచ్చేద్దాం అన్నారు. అంత పాత పొద తవ్వితే వేర్లన్నీ తెగుతాయి, తెచ్చినా బతుకుతుందన్న గ్యారంటీ లేదని అత్తయ్య ఒప్పుకోలేదు. "పోనీ కొమ్మలు కోసుకెళ్దాం అత్తయ్యా, ఖాళీ ఇంటికి రోజూ ఎవరొచ్చి నీళ్ళు పోస్తారు" అన్నాను నేను. "కోసిన కొమ్మకి మాత్రం ఎవరు పోస్తారే? ఇక్కడైతే చెట్టే పోస్తుంది" అంది ఆవిడ.

ఆషాఢంలో ఒక పొద్దున నన్ను తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. విరిగిన బకెట్లు, పెయింట్ డబ్బాలు, పెరుగు డబ్బాలు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పారేద్దామని పక్కన పెట్టినవన్నీ తెప్పించి, అడుగున మేకు కాల్చి చిల్లులు పొడిపించింది. సగం మట్టి, మిగతా సగం ఇసుక, మాగిన పశువుల ఎరువు. పొద చుట్టూ ఆ డబ్బాలన్నీ బంతి భోజనానికి కూర్చోబెట్టినట్టు పేర్చి, ఒక్కో కొమ్మని ఒక్కో డబ్బాలోకి వంచింది. లేతగా పచ్చగా ఉన్నవి వదిలేసింది, మరీ ముదిరి వంచితే ఫట్టున విరిగేవి కూడా వదిలేసింది, మధ్యరకం కొమ్మ, పైచెక్కు అప్పుడే గోధుమరంగుకి తిరుగుతున్నది కావాలి. మట్టిలోకి వెళ్ళే చోట ఒక కణుపు చూసుకుని, దాని కిందగా బ్లేడుతో అంగుళం మేర బెరడు చుట్టూ ఒలిచేసి, లోపల జిగటగా ఉండే పచ్చ పొరని కూడా గీకేసింది. ఆ గీకడం దగ్గర బద్ధకిస్తే బెరడు మళ్ళీ అతుక్కుపోతుంది, వేరు రాదు. తర్వాత రెండంగుళాల లోతులో పెట్టి, మట్టి కప్పి, పైన ఇటుక ముక్క, కొమ్మ కొస మాత్రం బయటకి నిలబెట్టి పుల్లకి కట్టింది.

ఎందుకు పనిచేస్తుందంటే, నీళ్ళు పైకెళ్ళేది లోపలి చెక్కలోంచి, ఆకు తయారు చేసిన ఆహారం కిందకి దిగేది బెరడులోంచి. మనం తీసేసింది బెరడు ఒక్కటే, కాబట్టి కొమ్మకి నీళ్ళు అందుతూనే ఉంటాయి, వాడిపోదు. పైనుంచి దిగే ఆహారం, వేర్లు పుట్టించే హార్మోన్ మాత్రం గాటు దగ్గర ఆగిపోయి అక్కడే పోగవుతాయి, చీకటి, తడి తగిలేసరికి అక్కడ్నుంచే వేళ్ళు తన్నుతాయి. మీరు కొనాలనుకుంటున్న హార్మోన్ చెట్టే తయారు చేసుకుంటోంది, ఇంట్లో నాలుగు మొక్కల కోసం పొడి డబ్బా కొనడం దండగ.

పక్కింటి పిన్నిగారు గోడ మీంచి పైపుతో రోజు విడిచి రోజు తడిపేవారు, ఆవిడ లేకపోతే ఇదంతా జరిగేది కాదు. మధ్యలో బిల్డర్ మనుషులు వెనకవైపు చదును చేస్తామని వస్తే అత్తయ్య చప్టా మీద కూర్చుని "దీపావళి దాకా ఇక్కడ గునపం పడడానికి వీల్లేదు" అని చెప్పేసింది. పాపం వాళ్ళూ మంచివాళ్ళే, ముందు గదుల వైపు పని మొదలుపెట్టుకున్నారు. దీపావళి నాటికి పెయింట్ డబ్బా చిల్లుల్లోంచి తెల్లగా వేర్లు బయటకొచ్చాయి. అప్పుడు కూడా ఒక్కసారిగా నరకలేదు, తల్లి వైపు సగం లోతు గాటు పెట్టి, వారం ఆగి, సాయంత్రం పూట పూర్తిగా కోసి, ఆకులు సగం దూసేసి నీడలో ఉంచింది. ఒకటి హైదరాబాద్‌లో ఆడపడుచుకి, ఒకటి విశాఖలో మరిది వాళ్ళకి, అన్నిట్లోకీ బలమైనది పిన్నిగారికి.

ఇక నర్సరీల గురించి. కడియం లాంటి చోట తరతరాలుగా అంట్లు కట్టే వాళ్ళ పనితనానికి నేను దణ్ణం పెడతాను, నా గోలంతా మన ఊళ్ళో రోడ్డు పక్కన అమ్మేవాళ్ళ మీద. గుండు మల్లె అని చెప్పి అంటగడతారు, ఏడాది పెంచాక పూస్తే రేకు మల్లె. పూత లేని రోజుల్లో చూసి పోల్చుకోవడం కష్టం. అదే పూసే పొద నుంచి అంటు కడితే అచ్చం ఆ పువ్వే వస్తుంది, అనుమానమే లేదు. గుండు మల్లెకి గింజ కట్టడం దాదాపు ఉండదు కాబట్టి మన పెరళ్ళలో ఉన్న ప్రతి పొదా ఎవరో ఒకరి పెరటి కొమ్మే. ఆ వీడియోల్లో బంగాళదుంపలో గుచ్చడం, కలబంద, తేనె పూయడం చూపిస్తారే, వాటి జోలికి పోకండి, దుంప కుళ్ళి చీమలు పట్టడం తప్ప ఏమీ జరగదు.

కొమ్మలతో అసలు రాదని అనట్లేదు. రామేశ్వరం దగ్గర తంగచ్చిమఠంలో కొమ్మలు నాటే నారు తయారు చేస్తారు, మధురై వైపు తోటలకి అక్కడి మొక్కలే వెళ్తాయి. కానీ అది సముద్రం పక్కన ఇసుక నేల, గాలి నిండా తేమ, చూసుకునే చేయి తిరిగిన మనుషులు. మీరేమో హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు బాల్కనీ అంటున్నారు.

బాల్కనీలో అయినా ఇదే పద్ధతి, మల్లె కుండీ పక్కన ఖాళీ కుండీ పెట్టి అందులోకి వంచడమే. తొలకరి పడ్డాక మొదలుపెడితే రెండు మూడు నెలల్లో వేర్లు వస్తాయి. మధ్యలో తవ్వి చూడొద్దు, దయచేసి. విడదీసిన మొక్క కుదురుకున్నాక రోజుకి ఐదారు గంటలు ఎండ పడాలి, లేకపోతే ఆకు తప్ప మొగ్గ ఉండదు. నవంబర్ చివర్లో నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించాలి, ఎందుకంటే మల్లె మొగ్గ వేసేది కొత్త చిగురు మీదే. చలికాలమంతా రోజూ నీళ్ళు పోస్తూ మార్చిలో పూయట్లేదని అడిగేవాళ్ళకి కూడా ఇదే జవాబు.

ఇంకో మాట, మీ వీధిలో పాత ఇల్లు ఏదైనా డెవలప్‌మెంట్‌కి ఇచ్చారని తెలిస్తే వెంటనే వెళ్ళి పెరట్లో మల్లె ఉందేమో అడగండి. అగ్రిమెంట్ అయ్యాక పర్మిషన్లు వచ్చి కూల్చేదాకా చాలాచోట్ల కొన్ని నెలలు పడుతుంది, అంటుకి ఆ టైం చాలు. రెండు డబ్బాలు, ఒక బ్లేడు పట్టుకెళ్ళండి, ఇంటివాళ్ళకి కూడా ఒకటి కట్టివ్వండి, చాలామందికి తీసుకెళ్ళాలనే ఉంటుంది, ఎలాగో తెలీదు.