ముందు అతని పాట విను, అమ్మలూ

చెన్నై,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

నిన్న అక్క ఫోన్ చేసి నీ సంగతి చెప్పింది. ఇకనుంచి నెలకు రెండు ఆదివారాలు బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో మీ ఫ్లాట్‌కి ఆఫీసు స్నేహితులను పిలిచి, నీకిష్టమైన బ్యాండ్ల పాటలు వినిపించాలనుకుంటున్నావట. కొత్త స్పీకర్లు కూడా కొన్నావట. "జీతమంతా వాటికే తగలేస్తోంది, నువ్వైనా చెప్పరా" అని మీ అమ్మ నన్ను పురమాయించింది. డబ్బు గురించి నేనేమీ చెప్పను. ఏడేళ్లప్పుడు నా హెడ్‌ఫోన్లు నీకు పెద్దవై జారిపోతుంటే రెండు చేతులతో అదిమి పట్టుకుని మా హాల్లో కూర్చునేదానివి. అన్నానికి పిలిచినా లేచేదానివి కాదు. ఆ పిల్ల ఇవాళ పదిమందిని కూర్చోబెట్టి పాటలు వినిపిస్తానంటే నాకెంత సంతోషమో రాయడం చేతకావడం లేదు.

కానీ అక్క చెప్పిన ఇంకో మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. మీ టీంలో మదనపల్లె అబ్బాయి ఒకడున్నాడట. ఎప్పుడూ పాత సినిమా పాటలే వింటాడట. "వాడి టేస్ట్ మార్చి తీరతాను" అని నవ్వుతూ అన్నావట. ఆ మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు చిన్న సంగతులు చెప్పేస్తాను. రాత్రి పదికల్లా సౌండ్ తగ్గించెయ్, అది రూలు కూడా. కింది ఇంటివాళ్లకు ముందే ఒక మాట చెప్పు. తిండి పాటలయ్యాకే పెట్టు, బిర్యానీ ప్యాకెట్లు విప్పాక ఎవరి చెవులూ పనిచెయ్యవు. ఫోన్లు పక్కన పెట్టమని ఒకసారి అడుగు, పెట్టకపోతే ఊరుకో.

మొదటి పాట విషయంలో మాత్రం కాస్త ఆలోచించు. నీకు ఇంగ్లండ్ రాక్ బ్యాండు పింక్ ఫ్లాయిడ్ అంటే ప్రాణం, ఆ పిచ్చి పట్టించింది నేనే. అయినా మొదటి రోజే 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్' పెట్టకు. 1975 నాటి ఆ పాటలో మనిషి గొంతు వినపడేసరికి ఎనిమిదిన్నర నిమిషాలు దాటుతుంది. నీకూ నాకూ ఆ ఎదురుచూపంటేనే ఇష్టం. కొత్తగా వినేవాళ్లు మాత్రం 'పాట ఎప్పుడు మొదలవుతుంది' అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అదే ఆల్బమ్‌లో ఆల్బమ్ పేరుతోనే ఇంకో పాట ఉందిగా, 'విష్ యూ వర్ హియర్', అయిదున్నర నిమిషాలది, దానితో మొదలుపెట్టు. ఇంకా మంచిది, మీ బెంగళూరు బ్యాండు అగమ్‌తో మొదలుపెట్టు. గిటార్లూ డ్రమ్సూ మోగుతుంటే మధ్యలో త్యాగరాజు తెలుగు వినిపిస్తుంది. రాక్ అంటే బెదిరిపోయేవాళ్లకు కూడా పట్టుకోవడానికి తెలిసిన మాట ఒకటి దొరుకుతుంది. ఇండియన్ ఓషన్ బ్యాండు వాళ్ల 'కందిసా' 2000లో వచ్చింది. అది కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థన, భాష అరామిక్. ఆ గదిలో ఎవరికీ అర్థం కాదు కాబట్టి ఎవరూ తక్కువ కారు. నాకు ఆ పాట మీద ఉన్న ప్రేమలో సగం దానికే.

పాటకు ముందు ఏదైనా చెప్పాలనిపిస్తే ఒక్క ముచ్చట చాలు. మీ ఊళ్లోనే 1996లో మొదలైన థర్మల్ అండ్ ఎ క్వార్టర్ బ్యాండు ఉందిగా, ఆ పేరులో ముగ్గురు మలయాళీలూ ('థర్' అంటే త్రీ, 'మల్' అంటే మలయాళీ), ఒక పావు వంతు మలయాళీ (క్వార్టర్) దాక్కుని ఉన్నారని చెప్పు. నవ్వుతారు, నవ్వాక చెవి పెడతారు. ఎవరు ఎప్పుడు డ్రమ్స్ వదిలేశారు, ఏ లేబుల్‌తో గొడవైంది, అవన్నీ వద్దు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది.

1987లో నేను మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక మ్యాన్షన్ గదిలో ఉండేవాణ్ణి, మ్యాన్షన్ అంటే అక్కడ ఒంటరి మగవాళ్లు గదులు అద్దెకు తీసుకునే లాడ్జి. రెండు మంచాలు, ఒక స్టూలు, గోడకు మేకులు. నాకు అంబత్తూరులో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. నాతో గది పంచుకున్నవాడిది కావలి దగ్గర పల్లె, పార్సిల్ గోడౌన్‌లో నైట్ డ్యూటీ. ఘంటసాల అంటే వాడికి దేవుడు. మద్రాసు వచ్చిన మొదటి ఆదివారం వడపళని వెళ్లి, వాహినీ స్టూడియో గేటు ముందు గంటసేపు నిలబడి వచ్చాడు. లోపలికి రానివ్వలేదని బాధ కూడా పడలేదు. "ఆయన పాడింది ఈ ఊళ్లోనే కదరా" అన్నాడు. మేడ మీద చొక్కాలకు సబ్బు రుద్దుతూ కూనిరాగం తీసేవాడు. శ్రుతి తప్పేవాడు కాదు. ఆ మాట వాడికి నేను ఒక్కసారీ చెప్పలేదు.

అప్పుడే నేను బర్మా బజార్‌లో వాక్‌మన్ కొన్నాను. ఒక రికార్డింగ్ సెంటర్‌లో తొంభై నిమిషాల క్యాసెట్లో పింక్ ఫ్లాయిడ్ ఎక్కించుకున్నాను. ఎవరికో ఒకరికి వినిపించకపోతే నాకు ఊపిరాడేది కాదు. ఒక ఆదివారం పొద్దున్నే, డ్యూటీ దిగి వచ్చిన వాణ్ణి మంచం మీద కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాను. ఎదురుగా స్టూలు వేసుకుని వాడి మొహమే చూస్తూ కూర్చున్నాను. కళ్లు మూసుకోమన్నాను. "ఇప్పుడొస్తుంది చూడు" అని మోకాలు తట్టాను. నాలుగైదు నిమిషాలకల్లా వాడు నిద్రలోకి జారిపోయాడు. రాత్రంతా మూటలు లెక్కపెట్టి వచ్చిన మనిషి. నేను కుదిపి లేపాను. లేపి, వరండాలో పళ్లు తోముకుంటున్నవాళ్లందరూ వినేలా "నీ చెవులు టూరింగ్ టాకీసు దాటి రావురా" అన్నాను. అంతటితో ఊరుకున్నానా, వాడి కూనిరాగాన్ని ముక్కుతో తీసి చూపించాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

ఆ తర్వాత వాడు పాడలేదు. ఆ సంగతి కూడా నాకు వెంటనే తెలియలేదు. నెల దాటాక ఒకరోజు మేడ ఎక్కితే, వాడు బట్టలకు బ్రష్ కొడుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. అక్కడే నిలబడిపోయాను. అడగాలనుకున్నాను, నోరు రాలేదు. ఇంకో రెండేళ్లు అదే గదిలో ఉన్నాం. రత్నా కేఫ్‌లో ఎదురెదురుగా కూర్చుని ఇడ్లీ సాంబారు తిన్నాం. నాకు కామెర్లు వచ్చినప్పుడు వాడే డ్యూటీ మానేసి చూసుకున్నాడు. పాట మాత్రం మళ్లీ రాలేదు.

చాలా ఏళ్లకు వాడి కూతురి పెళ్లికి కావలి వెళ్లాను. భోజనాల దగ్గర, నాదస్వరం బాగుందమ్మా అని నేనంటే వాడి భార్య అంది కదా, "ఈయనకి పాటలంటే ఇష్టం లేదన్నయ్యగారూ, పెళ్లైన దగ్గర్నుంచీ ఒక్క పాట పాడగా నేను వినలేదు" అని. వాడు పక్కనే ఉన్నాడు. తల ఎత్తలేదు. ఘంటసాల పాడిన ఊళ్లో వాడి నోరు మూయించింది నేనేనని ఆమెకు ఎలా చెప్పను? ఆ ముద్ద దిగలేదు, విస్తరి మడిచేశాను.

ఇంకో సంగతి ఇప్పటికీ నన్ను తొలుస్తుంటుంది. ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్' 1986లోనే వచ్చింది. త్యాగరాజుకూ, జర్మన్ స్వరకర్త బాఖ్‌కూ అంకితమిచ్చిన ఆల్బమ్, వి.ఎస్. నరసింహన్ వయొలిన్. రాగాలు వాడికి తెలిసినవే, వాటిని నడిపిన తీరు కొత్తది. ఆ క్యాసెట్ నా పెట్టెలోనే ఉంది. వీడికి ఏది నచ్చుతుంది అని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే అదే పెట్టేవాణ్ణి. కాదు, ముందు వాణ్ణి నిద్రపోనిచ్చేవాణ్ణి.

కాబట్టి అమ్మలూ, పాట పెట్టాక ఎవరి మొహమూ చూడకు. వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకో. "ఎలా ఉంది?" అని వెంటనే అడగొద్దు. నచ్చినవాళ్లు రెండు రోజులయ్యాక వాళ్లే అడుగుతారు, ఆ పాట పేరేమిటి అని. అప్పుడు కూడా ఒక్కటే పంపు, ఎనభై పాటల ప్లేలిస్ట్ కాదు. మా క్యాసెట్లో పక్కకు నలభై అయిదు నిమిషాలే పట్టేవి, ఒక పాట ఎక్కించాలంటే ఇంకోటి వదులుకోవాలి. ఎవరికి ఇస్తున్నామో ఆ మనిషిని తలుచుకుని రాసేవాళ్లం లిస్టు.

నువ్వు చెడ్డ మనసుతో ఆ మాట అనలేదని నాకు తెలుసు. ఇష్టమైనది అందరికీ ఇష్టం కావాలన్న ఆరాటం, అది మన ఇంటి రక్తం. నీ మీద కోపం లేదురా తల్లీ, భయం ఉంది. ఆ అబ్బాయి కూడా నవ్వేస్తాడు, నీకు తెలియను కూడా తెలియదు.

మొదటి ఆదివారం నీ లిస్టు విప్పకముందే అతన్ని అడుగు, నీకిష్టమైన పాట ఒకటి పెట్టమని. నీ కొత్త స్పీకర్లలోనే పెట్టించు. మధ్యలో ఆపకుండా, చివరిదాకా విను. మీ అమ్మాయిలు నవ్వితే నువ్వు నవ్వకు. వయొలిన్ల బిట్ బాగుంటే బాగుందని పైకి చెప్పు, మనసులో ఉంచుకోకు.

రెండో ఆదివారానికి నేనూ వస్తాను. పొద్దున బృందావన్ ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతాను. స్టేషన్‌కు రావద్దు, మెట్రో ఉంది. అత్తయ్య కొబ్బరి లౌజు చేసి పంపుతానంటోంది. ఆ మదనపల్లె అబ్బాయిని తప్పకుండా రమ్మను. అతని పక్కన కూర్చుంటాను.

నీ మావయ్య