జడ్జి ఎన్నికలో నిలబడుతున్న మా అమ్మాయికి

అమ్మలూ,

హ్యూస్టన్‌లో ఫ్యామిలీ కోర్టు జడ్జి పదవికి పోటీ చేస్తున్నావని మీ నాన్న చెప్పగానే సంతోషంతో నోట మాట రాలేదు. ఆ రాత్రి నిద్రా పట్టలేదు.

నియమాలు నీకు తెలిసినవే. లాయరుగా ఎనిమిదేళ్ళ అనుభవం ఉండాలి (2021 టెక్సస్ రాజ్యాంగ సవరణకు ముందు నాలుగేళ్ళే). మార్చిలో పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ, అందులో ఎవరికీ సగం ఓట్లు దాటకపోతే మేలో మొదటి ఇద్దరి మధ్య రనాఫ్. ఏ పార్టీ అని నేనడగను. ఓటర్లలో చాలామంది మాత్రం నీ పేరు పక్కన అదే చూస్తారు. 2018లో మీ హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో ఎంతో అనుభవమున్న రిపబ్లికన్ జడ్జీలు పార్టీ గాలికే ఓడిపోయారు. ఓడితే నీ పనితనానికి అది తీర్పు అనుకోకు.

నా భయం గెలుపు గురించి. నాకు బాగా తెలిసిన లాయరొకాయన వేరే కౌంటీలో ఇలాగే నిలబడ్డాడు. మనవాళ్ళ విందులో మైకందుకుని, "మన ఇళ్ళలో తగవొస్తే అర్థం చేసుకునే జడ్జి ఇక మీకున్నాడు" అన్నాడు. చప్పట్లు మోగాయి, చెక్కులు రాశారు. టెక్సస్‌లో అభ్యర్థి స్వయంగా విరాళం అడగొచ్చు. పెద్ద కౌంటీలో ఒక్కొక్కరు ఒక్కో ఎన్నికకు 5,000 డాలర్ల దాకా ఇవ్వొచ్చు. గెలిచాడు.

కొన్నాళ్ళకు ఆ విందుకొచ్చిన ఇంటి విడాకుల కేసే ఆయన ముందుకొచ్చింది. పిల్లవాడు ఎవరి దగ్గరుండాలన్నది తగవు. కోడలి లాయరు, అభ్యర్థుల విరాళాల లెక్కలు బయటపెట్టే రాష్ట్ర ఎథిక్స్ కమిషన్ వెబ్‌సైటులో విరాళాల పట్టిక తీస్తే మామగారి పేరుంది. జడ్జి తప్పుకోలేదు. పిల్లవాణ్ణి తండ్రికిచ్చాడు. కాగితాలు చూశాను, తీర్పు సరైనదే అనిపించింది. కానీ ఆ అమ్మాయి కోర్టు వరండాలో, తోడుగా వెళ్ళిన మీ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, "పిన్నీ, మా మామగారు చెక్కు రాసిన రోజే నా కేసు అయిపోయింది" అంది. ఆమెకు ఏమని సమాధానం చెబుతాం?

మనవాళ్ళ ఇళ్ళకు వెళ్ళు, నీ అనుభవం చెప్పు. అండగా ఉంటానని మాత్రం ఒక్కరికీ మాటివ్వకు. రాబోయే కేసుల మీద వాగ్దానాలు జడ్జీల నియమావళే ఒప్పుకోదు. చందా ఇచ్చినవాళ్ళ కేసు వస్తే, ఎవరూ అడగకముందే నువ్వే ఆ సంగతి ఇరుపక్షాలకూ చెప్పు. తేలిగ్గా తీసుకోకు. కాలేజీలో అడిగినవాళ్ళకల్లా అప్పులిచ్చి, తిరిగి అడగలేక ఏడ్చినదానివి నువ్వు. కాదనలేని నీ గుణం నాకెంత ఇష్టమో, ఇప్పుడంత భయం.

మీ తాతయ్య మున్సిఫ్‌గా ఉన్నప్పుడు పెళ్ళిళ్ళకు వెళ్ళి, అక్షింతలు వేసి, పంక్తిలో కూర్చోకుండా వచ్చేసేవారు. ఆయనకు ఎవరి ఓటూ అక్కర్లేదు. నువ్వు నాలుగేళ్ళకోసారి అందరి గుమ్మాలూ ఎక్కాలి. నీది ఆయనకన్నా కష్టమైన ఉద్యోగం తల్లీ.

ముందు ప్రచార డబ్బు లెక్కలకు ట్రెజరర్‌ను నియమిస్తూ కాగితం దాఖలు చెయ్యి. అది కానిదే ఒక్క డాలరు తీసుకోకూడదు, ఖర్చు పెట్టకూడదు. అయ్యాక ఫోన్ చేస్తే నా చెక్కు పంపుతాను. ప్రాక్టీసు మానేశాను కాబట్టి నీ కోర్టుకు నేను లాయరుగా రాను. నామినేషన్ వెయ్యడానికి డిసెంబరు గడువు చివరి రోజు దాకా ఆగకు. ప్రచారమని తిండి మానకు.

మీ పెదనాన్న