రేడియేటర్‌లో మళ్ళీ మళ్ళీ గాలి చేరుతుంటే

చి. అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోన్లో చెప్పిందే ఆలోచిస్తున్నాను. ఇంగ్లండ్‌లో, లీడ్స్ చలిలో చంటిపిల్లతో ఉన్నావు. వేడినీళ్ళతో పై గదిని వెచ్చగా ఉంచే రేడియేటర్ పైభాగం చల్లబడుతోంది, గాలి తీస్తే రెండు రోజులు బాగుంటోంది, మళ్ళీ అంతే. ఆ నీళ్ళు కాచే బాయిలర్ ప్రెషర్ పడిపోయినప్పుడల్లా నీళ్ళు నింపుతున్నానన్నావు. అసలు సంగతి ఆ నింపడంలోనే ఉందమ్మా. కుళాయి నీళ్ళలో గాలి కరిగి ఉంటుంది. వేడెక్కగానే విడిపోయి, అన్నిటికన్నా ఎత్తులో ఉన్న రేడియేటర్‌లో చేరుతుంది. నువ్వు దాన్ని తీసేస్తే ప్రెషర్ పడుతుంది, మళ్ళీ కొత్త నీళ్ళు పోస్తావు. వాటితో వచ్చే ఆక్సిజన్ లోపలి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. అందుకే ముందుగా, లోపలున్న నీళ్ళు ఎటు పోతున్నాయో పట్టుకోవాలి.

ఒక్కసారి పద్ధతిగా గాలి తీసి, అక్కణ్ణుంచి లెక్క మొదలుపెట్టు. హీటింగ్ ఆపి అన్నీ చల్లారనివ్వు. కింది అంతస్తు నుంచి పైకి వెళ్ళు. గుడ్డ అడ్డం పెట్టి, చిన్న తాళంచెవితో గాలి తీసే స్క్రూను ఎడమవైపుకు పావు చుట్టు తిప్పితే చాలు. బుస్సుమనే చప్పుడు ఆగి నీళ్ళు రాగానే బిగించెయ్. తర్వాత ప్రెషర్‌ను 1 నుంచి 1.5 బార్ మధ్యకు తెచ్చి, నీళ్ళు నింపే గొట్టం రెండు చివర్లా వాల్వులు పూర్తిగా మూసెయ్.

ఇక రోజూ పొద్దున్నే హీటింగ్ వెయ్యకముందు ప్రెషర్ చూపించే ముల్లు ఎక్కడుందో కాయితం మీద రాయి. ఇల్లు బాగా వేడెక్కాక ఇంకోసారి రాయి. వేడికి కాస్త పెరగడం మామూలే. కానీ 3 బార్ దాకా ఎగబాకి, చల్లారాక సున్నా వైపు పడిపోతుంటే నా అనుమానం ఎక్స్‌పాన్షన్ వెసెల్ మీద. వేడికి పెరిగిన నీళ్ళకు చోటిచ్చేది అదే. ఆ చోటు లేకపోతే 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని, బయటి గోడలోంచి వచ్చే సన్నటి రాగి గొట్టం గుండా నీళ్ళు వదిలేస్తుంది. హీటింగ్ ఆపి ఉన్నప్పుడు ఆ గొట్టం మూతికి ప్లాస్టిక్ సంచి వదులుగా కట్టి, తర్వాత మామూలుగా వాడుకో. మర్నాటికి సంచిలో నీళ్ళుంటే దారి దొరికినట్టే. పొడిగా ఉంటే ప్రతి రేడియేటర్ వాల్వు చుట్టూ టిష్యూ కాయితం అద్ది చూడు. ఆకుపచ్చ, తెల్ల మరకలున్న జాయింటు దగ్గర ఎక్కువసేపు ఆగు.

ముల్లు కదలకుండా గాలి మాత్రం చేరుతుంటే అది వేరే కథ. తుప్పు పడుతున్న ఇనుము హైడ్రోజన్ వదులుతుంది, అదే అయ్యుండొచ్చు. అది మండే వాయువు, కాబట్టి తీసేటప్పుడు దగ్గర్లో కొవ్వొత్తి కూడా ఉండకూడదు. నీళ్ళు నల్లగా వస్తే లోపలంతా శుభ్రం చేయించి, తుప్పు ఆపే ఇన్హిబిటర్ పోయించాలి.

మీ పక్కింటావిడది లాఫ్ట్‌లో ట్యాంకున్న పాత పద్ధతి అన్నావు కదా, ముందు ఆ చిన్న ట్యాంకులో నీళ్ళున్నాయో లేదో చూడమను. బాల్ వాల్వ్ పట్టేసి ట్యాంకు ఎండిపోయినా, కింది గొట్టం మడ్డితో పూడుకుపోయినా పంపు గాలి లాగుతుంది. మన ఊళ్ళో బావి మోటారు సక్షన్ పైపు వదులైతే లాగేది చూశావుగా, అలాగే.

బాయిలర్ మూత మాత్రం నువ్వూ విప్పొద్దు, అల్లుడుగారినీ విప్పనివ్వొద్దు. గ్యాస్ పనులు చేసే అర్హత ఉన్నవాళ్ళ జాబితా, అంటే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న మనిషినే పిలవండి. ఆ మనిషి గుర్తింపు కార్డు వెనక వైపు కూడా చూడు, ఏ పనులకు అర్హత ఉందో అక్కడే ఉంటుంది. నీ కాయితం చూపించి, వెసెల్‌లో గాలి కొడితే సరిపోతుందా, మార్చాల్సిందేనా అని అడుగు. రెండింటికీ ఖర్చులో చాలా తేడా ఉంటుంది.

ఈలోగా ప్రెషర్ పడి బాయిలర్ ఆగిపోతే, నేను చెప్పానని ఊరుకోకుండా నీళ్ళు నింపుకో, చంటిదాన్ని చలిలో ఉంచకు. నింపిన ప్రతిసారీ తేదీ మాత్రం ఆ కాయితం మీద రాసిపెట్టు.

ఇట్లు,
మీ పెదనాన్న