చుక్క పడలేదు, డోసు పదింతలైంది

ప్రశ్న: ఐసీయూల సిరంజి పంపు మీద గంటకు 2.5 ఎం.ఎల్. కొట్టబోతే 25 పడింది. పక్క సిస్టర్ చూసింది కాబట్టి సరిపోయింది. అందరూ నన్నే అన్నరు. తప్పు నాదేనా? కొత్త పంపులు కొంటున్నరు, ఏం చూడమని చెప్పాలె?
– ఒక స్టాఫ్ నర్సు, హనుమకొండ

జవాబు: చూసుకోకపోవడం మీదే కావచ్చు, ఆ తప్పుకు దారి వేసింది మాత్రం సిరంజిలోని మందును గంటకింతని తోసే ఆ పంపు. రబ్బరు పొర కింది మీటలు గ్లవుజు వేలికి నొక్కినట్టే ఉంటాయి, లోపల అందదు. చుక్క మీట ఒక్కటి అందకపోతే అంకెలు అవే, డోసు పది రెట్లు.

మంచి పంపు మీట అందినప్పుడల్లా బీప్ కొడుతుంది. చుక్క తర్వాతి అంకెను చిన్నగా చూపిస్తుంది కాబట్టి 2.5కూ 25కూ తేడా మంచం కాళ్ల దగ్గర నిలబడ్డా తెలుస్తుంది. వీటన్నిటికంటే పెద్ద కాపలా డ్రగ్ లైబ్రరీ. మందు పేరు ఎంచుకుంటే దాని హద్దులు వచ్చేస్తాయి. సాఫ్ట్ లిమిట్ దాటితే మళ్లీ అడుగుతుంది, హార్డ్ లిమిట్ దాటనే దాటనివ్వదు. తొందరలో లైబ్రరీ తెరవకుండా ఉత్త రేటు కొడితే ఈ కాపలా ఏదీ ఉండదు.

కొనేముందు కంపెనీ మనిషి చూపించే డెమోతో సరిపెట్టుకోకండి, ఆయన వేళ్లకది అలవాటే. నైట్ డ్యూటీ చేసే నలుగురైదుగురికి గ్లవుజులు వేయించి, లైట్లు తగ్గించి పంపు చేతికివ్వండి. రేటు 2.5 పెట్టమనండి, సిరంజి మార్చమనండి, లైను మూసుకుపోయిన అలారం సరిచేయమనండి. నోరు మెదపకుండా చూస్తూ, వేలు ఎక్కడ ఆగిందో రాసుకోండి. ఇద్దరు ఒకే మీట దగ్గర తడబడితే లోపం మీటదే. వైద్య పరికరాల వాడకంలో తప్పులు రాకుండా చూసే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62366 ప్రకారం ఇలాంటి పరీక్ష చేసిన కాగితాలు కంపెనీని అడగొచ్చు.

అందాకా ఒక లెక్క. నిండు 50 ఎం.ఎల్. సిరంజి 2.5 రేటుకు 20 గంటలు రావాలి, 25కైతే 2 గంటలే. స్టార్ట్ నొక్కేముందు సిరంజిలోని మందును స్క్రీన్ మీది రేటుతో భాగించండి, డాక్టరు చీటీ మీది దానితో కాదు. చీటీలో 5.0 అని రాసే డాక్టరుంటే 5 అనే రాయమనండి. అరకైతే .5 కాదు, 0.5.

ప్రశ్న: రేటు సరిగ్గనే ఉన్నా సిరంజి ముందే ఖాళీ అయితున్నది. పంపు పాడైనట్టా?
– ఐసీయూ టెక్నీషియన్, జగిత్యాల

జవాబు: ముందు స్క్రీన్‌లో సిరంజి కంపెనీ పేరు చూడండి. పంపు మందును కొలవదు, పిస్టన్ జరిగిన దూరాన్ని కొలుస్తుంది. అన్నీ 50 ఎం.ఎల్.వే అయినా లోపలి వెడల్పు కంపెనీకో తీరు. స్టోరు వాళ్లు వేరే రకం తెప్పించి, స్క్రీన్‌లో పాత పేరే ఉంటే, వెడల్పు సిరంజి అంతే జరిగి ఎక్కువ మందు తోస్తుంది. పేరు సరిగ్గానే ఉంటే పిస్టన్ తల క్లిప్పులో కూర్చుందా చూడండి. కూర్చోక, పంపు కూడా రోగి కంటే ఎత్తులో ఉంటే మందు దానంతటదే జారిపోతుంది.