కోళ్ల ఫారాల్లో కేజ్‌లు నిషేధిస్తే పేదవాడికి గుడ్డు దూరమవుతుందా?

దూరం కాదు. నేను అనపర్తి దగ్గర పల్లెలో పుట్టి కోళ్ల షెడ్ల మధ్యే పెరిగాను. మా ఊళ్లో ఎవరింటికి వెళ్లినా కుశలప్రశ్నల కంటే ముందు ఆ రోజు గుడ్డు రేటు అడుగుతారు. కేజ్‌లు తీసేస్తే ధర పెరిగి పేదపిల్లల నోటి దగ్గర గుడ్డు లాక్కున్నట్టవుతుంది కదా అని మీరు అడిగారు. ధర సంగతి చెప్తాను, కానీ ముందు 2003 మే నెల గురించి చెప్పాలి. కేజ్ అంటే ఏమిటో నాకు ఆ నెలలోనే తెలిసింది.

పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. బాబాయికి పది వేల లేయర్ కోళ్లు, అంటే గుడ్ల కోసం పెంచేవి, రెండు షెడ్లు. పైన రేకులు, కింద పెంట పడే చోటు, మధ్యలో మెట్లు మెట్లుగా కేజ్‌లు. ఒక్కో కేజ్ పద్దెనిమిది అంగుళాల పొడవు, పదిహేను అంగుళాల లోతు. అందులో నాలుగు కోళ్లు. లెక్క వేసుకోండి, ఒక్కో కోడికి వచ్చే చోటు ఏ4 కాగితంలో మూడొంతులు కూడా ఉండదు. పదహారు వారాల వయసులో అందులో పెడితే, డెబ్బై రెండు వారాలు దాటి గుడ్డు తగ్గి లారీ ఎక్కేదాకా దాని కాలు నేలకు తగలదు.

ఆ ఏడు వడగాడ్పులకు మన రాష్ట్రంలో మనుషులే వెయ్యి మందికి పైగా పోయారు. ఒకరోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక కరెంటు పోయింది. జనరేటర్ కాసేపు తిరిగి ఆగిపోయింది. నీటి తుంపర చల్లే ఫాగర్లు ఆగాయి, మోటారు ఆగింది. ట్యాంకులో మిగిలిన నీళ్లు పైపుల్లోనే కాగిపోయి, కోళ్లు నీళ్లు తాగే నిప్పిల్ నొక్కితే చెయ్యి చురుక్కుమంటోంది. గోనెసంచులు తడిపి షెడ్డు పక్కలకు కట్టాం. ఒడిశా నుంచి వచ్చి షెడ్డు చూసుకునే భార్యాభర్తలు, బాబాయి, పిన్ని, నేను, అందరం బకెట్లు పట్టుకుని చెంబులతో నీళ్లు చల్లుతూ ఒక చివర నుంచి ఇంకో చివరకు పరుగెత్తాం. ఈ చివరకు వచ్చేసరికి ఆ చివర ఆరిపోయేది.

కోడికి చెమట పట్టదు. వేడెక్కితే నోరు తెరిచి రొప్పుతుంది. రెక్కలు ఒంటికి దూరంగా విప్పుతుంది. తడినేల వెతుక్కుని పొట్ట ఆనించి పడుకుంటుంది. ఈ మూడింట్లో కేజ్‌లో ఉన్న కోడి చేయగలిగింది రొప్పడం ఒక్కటే. పది వేల కోళ్లు ఒక్కసారి రొప్పుతుంటే ఎండుటాకుల మీద వాన పడుతున్నట్టు ఉంటుంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మూడు గంటలకి చావడం మొదలుపెట్టాయి. చచ్చిన కోడి పక్కకి ఒరగడానికి కూడా అందులో చోటు లేదు. మిగతా మూడూ దాని మీద నిలబడే రొప్పుతున్నాయి. బయటికి తీయబోతే గోళ్లు తీగను పట్టుకుని ఉన్నాయి, ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది. చీకటి పడేసరికి నాలుగు వందల పైచిలుకు లెక్క తేలింది.

కొన్నిటికి ఇంకా ప్రాణం ఉంది. మెడ వాలిపోయి, కళ్లు మూసుకుని ఉన్నాయి. "అవి బతకవమ్మా, కుప్పలో వేసెయ్" అన్నాడు బాబాయి. నాకు మనసొప్పలేదు. పన్నెండింటిని గంపలో వేసుకుని చింతచెట్టు కిందికి తీసుకెళ్లాను. గేదెల కుడితి తొట్టి కారి అక్కడ నేల ఎప్పుడూ తడిగా ఉండేది. అమ్మ పెంచే నాటుకోళ్లు అయిదూ ఆ తడిలోనే గుంటలు చేసుకుని పడుకుని ఉన్నాయి. వాటి పక్కనే వీటినీ పెట్టాను.

దీపాలవేళకి ఏడు కళ్లు తెరిచాయి. మర్నాటికి లేచి నిలబడ్డాయి. నడక మాత్రం రాలేదు. రెండడుగులు వేసి కూలబడేవి. ఒకటి రెక్కలు రెండూ బారుగా విప్పి బురదలో పరుచుకుని పడుకుంది. సెలవులన్నీ ఆ షెడ్డులో దాణా వేసిన దాన్ని, ఫారం కోడి రెక్క అంత పొడుగుంటుందని అప్పటిదాకా చూడలేదు. నాలుగో రోజు పొద్దున అమ్మకి గడ్డివాము సందులో తెల్లగుడ్డు దొరికింది. చుట్టూ గడ్డి లాక్కుని గుండ్రంగా గూడు సర్దుకుని మరీ పెట్టింది. హేచరీలో మిషన్‌లో పుట్టిన కోడి అది. తల్లిని చూడలేదు, గూడు చూడలేదు. దానికి గూడు కట్టడం ఎవరు నేర్పారు? తీగల మీద గుడ్డు పెట్టిన ప్రతి రోజూ ఆ కోడి లోపల ఆ గూడు కోసం వెతుక్కుంటూనే ఉండి ఉంటుంది. ఎవరేమన్నా నేను ఈ మాట మీదే ఉంటాను.

నాటుకోడికీ ఫారం కోడికీ జాతి తేడా ఉందనే మాట నాకు చాలామంది చెప్పారు. తెలుసు. కానీ చెట్టు కింద బతికిన ఆ ఏడూ ఫారం జాతివే.

ఇక ధర. గుడ్డు మీద పెట్టే ఖర్చులో మూడొంతుల దాకా దాణాదే, అంటే మొక్కజొన్న, సోయాచెక్క. మొక్కజొన్న పెట్రోలులో కలిపే ఇథనాల్‌కి వెళ్లడం మొదలయ్యాక దాణా ధర ఎక్కడికి పోయిందో ఏ రైతునైనా అడగండి. అప్పుడు పేదవాడి గుడ్డు గురించి ఎవరూ ఇంత బాధపడలేదు. గోదావరి జిల్లాల గుడ్డు బెంగాల్, బిహార్, అస్సాం దాకా వెళ్తుంది. శ్రావణమాసంలో పడిపోయిన రేటు, చలికాలం గిరాకీ రాగానే లేస్తుంది. రూపాయీ రెండు రూపాయలూ తేడా ఏటా మామూలే. కోడికి నిలబడే చోటు ఇస్తే పెరిగే ఖర్చు దగ్గరే పేదవాడు గుర్తుకొస్తాడెందుకు? బళ్లలో, అంగన్‌వాడీల్లో పిల్లలకు గుడ్డు కొనేది ప్రభుత్వం. ఆ తేడా అది భరించాలి. భరించగలదు కూడా.

యూరప్ సంగతి ఎత్తితే "వాళ్లు డబ్బున్నవాళ్లు" అని కొట్టిపారేస్తారు. యూరోపియన్ యూనియన్ 1999లో చట్టం చేసి, 2012 జనవరి 1 నుంచి పాతరకం కేజ్‌లు ఉండకూడదని పన్నెండేళ్ల పైగా గడువిచ్చింది. 2012 మొదటి నెలల్లో అక్కడ గుడ్డు ధర లేచిన మాట నిజమే. చాలామంది ఆఖరు రోజు దాకా మార్చుకోకుండా కూర్చోబట్టే అలా జరిగింది. స్విట్జర్లాండ్‌లో 1992 నాటికే ఆ కేజ్‌లు పోయాయి. అక్కడి వాళ్లు గుడ్డు తినడం మానేశారా? యూరప్ కూడా అంతా చక్కబెట్టుకుందని నేను చెప్పను. కొంచెం పెద్ద కేజ్, లోపల ఒక కర్ర, గుడ్డు పెట్టుకోవడానికి ఒక మూల, అలాంటివి ఇప్పటికీ ఉండనిచ్చారు. వాటినీ తీసేయమని దాదాపు 14 లక్షల మంది సంతకాలు పెడితే, 2023 చివరికల్లా కొత్త చట్టం ప్రతిపాదిస్తామని 2021లో మాటిచ్చారు. ఆ గడువులోగా ప్రతిపాదన రాలేదు.

మన దగ్గర కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్‌లోనే ఉంది, కదలడానికి చాలినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని బోనులో జంతువును ఉంచడం నేరమని. 2017 నాటికి కేజ్‌లు తీసేయాలని జంతు సంక్షేమ బోర్డు రాష్ట్రాలకు చెప్పింది. అదే 2017లో లా కమిషన్ కోళ్ల పెంపకం మీదే ఒక నివేదిక ఇచ్చింది, అది దాని 269వ నివేదిక. 2019లో కేంద్రం ముసాయిదా నియమాలు తెచ్చి, కోడికి 550 చదరపు సెంటీమీటర్లు ఉండాలంది. యూరప్ 2012లో తీసేసిన పాత కేజ్‌లలో కోడికి ఇవ్వాల్సిన కనీస చోటు కూడా 550 చదరపు సెంటీమీటర్లే. వాళ్లు పనికిరాదని పారేసిన కొలతను మనం సంస్కరణ అని రాసుకున్నాం. నాకు దీన్ని తలుచుకుంటే కడుపు మండుతుంది.

ఇంకో మాట. ఫారాల పక్కన బతికే మనుషుల గోడు ఈ చర్చలో ఎప్పుడూ రాదు. మా ఇంట్లో అన్నం తినేటప్పుడు ఒక చేత్తో ఈగలు తోలుకుంటూ ఇంకో చేత్తో తినేవాళ్లం. కేజ్‌ల కింద నెలల తరబడి పెంట పేరుకుని, వాన పడితే ఊరంతా కంపు. ఆ పెంట చేపల చెరువులకు లారీల్లో వెళ్లేటప్పుడు దారి పొడవునా కారేది. పంచాయతీకి చెప్పుకుంటే, "మీ బాబాయిదీ ఫారమే కదమ్మా" అన్నారు.

నేల మీద పెంచితే అన్నీ బాగుంటాయని కూడా నేను అనను. ఊక పరిచి పెంచే షెడ్డులో ఊక తడిస్తే కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు వస్తుంది, కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, బెదిరితే ఒకే మూలకు చేరి కుప్పపడి ఊపిరాడక చస్తాయి. పనివాళ్లు ఎక్కువ కావాలి, చూసే కన్ను ఉండాలి. ఇవన్నీ మనిషి శ్రద్ధ పెడితే తగ్గే కష్టాలు. కేజ్‌లో కోడికి రెక్క విప్పే చోటు ఏ శ్రద్ధతోనూ రాదు. పట్నంలో "నాటుగుడ్డు" అని రెట్టింపు ధరకి అమ్మే గోధుమరంగు గుడ్ల గురించి కూడా ఒక మాట. ఆ రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. గోధుమరంగు గుడ్డు పెట్టే కోడినీ కేజ్‌లో పెంచొచ్చు. పెంకు రంగు చూసి కోడి హాయిగా తిరిగిందనుకోకండి. ఎలా పెంచారో అడిగి కొనండి.

నన్నడిగితే, కొత్త షెడ్లకి కేజ్ అనుమతి ఈ ఏడాది నుంచే ఆపాలి. ఉన్నవాటికి పదేళ్ల గడువివ్వాలి. బడిపిల్లల కోసం ప్రభుత్వం కొనే గుడ్డు ముందుగా నేల మీద పెంచిన ఫారాల నుంచే కొనాలి. అప్పుడు రైతుకి కొనేవాడు ఉన్నాడన్న ధైర్యం ఉంటుంది. రేటు మనమే చెప్పుకుందామని 1982లో దేశమంతటి గుడ్ల రైతులను జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (ఎన్‌ఈసీసీ) కింద కూడగట్టిన డాక్టర్ బి.వి. రావు గారు మన తెలుగువారే. ఆ పని చేయగలిగిన రైతులు ఈ పని చేయలేరంటే నేను నమ్మను.

బాబాయి ఇప్పుడు కోళ్లు పెంచడం లేదు. షెడ్లు తీసేసి కొబ్బరి వేశాడు. ఆయన చెడ్డవాడని ఎవరూ అనుకోకండి. ఆ మే నెల రాత్రి అన్నం ముట్టకుండా షెడ్డు మెట్ల మీదే కూర్చున్న మనిషి. దాణా మిల్లులో అప్పు, బ్యాంకులో అప్పు, పొద్దున్నే నాలుగు వందల కోళ్లు పూడ్చడానికి గొయ్యి తవ్వాల్సిన పని. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు కేజ్‌ల నిషేధం గురించి ఆయన్నే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఆ కేజ్‌ల అప్పు తీరడానికి నాకు ఏడేళ్లు పట్టిందమ్మా. ఆ ఏడేళ్లు నన్నెవరైనా ఆదుకుని ఉంటే, నా చేత్తో నేనే విప్పేసేవాణ్ణి."